ఫ్రీమాంట్‌లో టాక్స్ కట్టి, పిల్లని పక్క కౌంటీ కాలేజీలో చదివిస్తే ఆ డబ్బు ఎవరి చేతికి పోతుంది

ముందు మీరు అడిగింది ఒకసారి విడదీసుకుందాం అండీ, ఎందుకంటే మూడు ప్రశ్నలు ఒకదాంట్లో కలిసిపోయాయి. మీరు హెచ్-1 మీద ఉన్నారు, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్నారు, టాక్స్ బిల్లులో మీ ఊరి కమ్యూనిటీ కాలేజీ, అదే ఓలోన్ కాలేజీ, తీసుకున్న అప్పు కింద బాండ్ అని ఒక లైన్ కనపడింది, మీ అమ్మాయేమో పక్క కౌంటీలో వేరే కమ్యూనిటీ కాలేజీలో చేరింది, అక్కడ మళ్ళీ ఫీజు కట్టారు, ఏ క్లాసులు తీసుకోవాలో సలహా చెప్పే కౌన్సిలర్ అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగాల్సి వచ్చింది, అదే క్యాంపస్‌లో కొత్త బిల్డింగ్ కోసం క్రేన్లు మాత్రం తిరుగుతున్నాయి. "ఇన్ని మిలియన్లు పెట్టి అద్దాల మేడలు కట్టేవాళ్ళు ఇంకో ఇద్దరు కౌన్సిలర్లని పెట్టుకోలేరా, అసలు దీన్ని నడిపేది స్టేటా కౌంటీనా, ఎవర్ని అడగాలి" అన్నారు. కాలేజీ పేరు చెప్పలేదు, మంచి పనే చేశారు, ఎందుకంటే ఈ కథ కాలిఫోర్నియాలో దాదాపు అన్ని కాలేజీల్లోనూ ఇదే.

నేను తెనాలి నుంచి 2002లో హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఊరికే ఇంట్లో కూర్చోలేక కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ క్లాసులు తీసుకుని, గ్రీన్ కార్డ్ వచ్చాక బే ఏరియాలోనే ఒక కాలేజీ డిస్ట్రిక్ట్ బడ్జెట్ ఆఫీసులో చేరా, 14 ఏళ్ళు అయింది. మీరు అడిగిన మాట నేను ఫోన్లో కనీసం వందమంది దగ్గర విని ఉంటా, "మేం టాక్స్ కడుతున్నాం కదండీ" అనే మొదలెడతారు. ఆ మాట తప్పు కాదు గానీ తగలాల్సిన చోట తగలదు, ఎందుకో చెప్తా.

నడిపేది కౌంటీ కాదు, ఫ్రీమాంట్ సిటీ అంతకన్నా కాదు. కాలేజీ డిస్ట్రిక్ట్ అనేది దానికదే ఒక చిన్న ప్రభుత్వం, దానికి సొంత హద్దులు, సొంత ఎలక్షన్, సొంత అప్పులు. ఓలోన్ డిస్ట్రిక్ట్ అంటే ఫ్రీమాంట్, నూవార్క్, యూనియన్ సిటీలో కొంత. రాష్ట్రం మొత్తం మీద ఇట్లాంటివి 73 ఉన్నాయి, వాటి కింద 116 కాలేజీలు, లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ ఒక్కదానికే 9 కాలేజీలు. ప్రొఫెసర్‌ని జీతానికి పెట్టుకునేది డిస్ట్రిక్టే, క్యాంపస్ స్థలం డిస్ట్రిక్ట్ పేరు మీదే ఉంటుంది, కాలేజీ ప్రెసిడెంట్ కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యాలా వద్దా అన్నది జనం ఓటేసి గెలిపించిన ట్రస్టీలు రాత్రి మీటింగ్‌లో చేతులెత్తి తేలుస్తారు. మన దగ్గర గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌ని మార్చాలంటే పైనుంచి ఆర్డర్ రావాలి, ఊళ్ళోవాళ్ళకి దాంతో సంబంధం ఉండదు, అందుకే మనవాళ్ళకి ఇక్కడి పద్ధతి వెంటనే బుర్రకెక్కదు, నాకైతే రెండేళ్ళు పట్టింది.

ఎందుకిట్లా అంటే ఇవి యూనివర్సిటీ కడుపున పుట్టినవి కావు, హైస్కూల్ కడుపున పుట్టినవి. 1907లో హైస్కూళ్ళు పై తరగతులు కూడా చెప్పుకోవచ్చని చట్టం తెచ్చారు, 1910లో ఫ్రెస్నో హైస్కూల్ వాళ్ళు మొదలెట్టారు, అదే ఇప్పటి ఫ్రెస్నో సిటీ కాలేజీ. స్కూల్ బోర్డులకి ఊరివాళ్ళు ఓటేసే అలవాటు అప్పటికే ఉంది, అది కాలేజీలకీ వచ్చేసింది. రాష్ట్ర స్థాయిలో బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ అని ఒకటి ఉండాలని 1967లో గానీ అనుకోలేదు. ఆ బోర్డ్ సభ్యుల్ని నియమించేది గవర్నర్, ఆ బోర్డ్ ఒక ఛాన్సలర్‌ని పెట్టుకుంటుంది, 2023 జూన్‌లో సోన్యా క్రిస్టియన్ ఆ పదవిలోకి వచ్చారు, మన దక్షిణాది ఆవిడే, కేరళలో పుట్టి పెరిగారు. ఛాన్సలర్ అంటే ఏదో పెద్ద అధికారం అనుకుంటాం కానీ మీ కాలేజీలో ఒక క్లర్క్‌ని తీసెయ్యమని ఛాన్సలర్ ఆర్డర్ వెయ్యలేరు. రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో ఉన్న ఛాన్సలర్ ఆఫీసు చేసేది రూల్స్ రాయడం, డబ్బు లెక్కకట్టి పంచడం, ఎవరన్నా పూర్తిగా మునిగిపోతుంటే చెయ్యి పెట్టడం.

చెయ్యి పెట్టినప్పుడు మాత్రం గట్టిగానే పెడతారు. కాంప్టన్ కాలేజీ 2006లో గుర్తింపు పోగొట్టుకుంది, పక్కనున్న ఎల్ కమీనో కాలేజీకి సెంటర్‌గా మారి బతికి, మళ్ళీ సొంత గుర్తింపు తెచ్చుకునేసరికి 2017 అయింది. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీకి 2013లో గుర్తింపు తీసేస్తామని, గుర్తింపు ఇచ్చే ఏజెన్సీ ప్రకటించగానే, రాష్ట్ర బోర్డ్ ఒక స్పెషల్ ట్రస్టీని పంపింది, జనం గెలిపించిన ట్రస్టీలంతా పక్కన కూర్చోవాల్సి వచ్చింది, నిర్ణయాలన్నీ ఆయన ఒక్కడివే. మన దగ్గర పాలకవర్గాన్ని రద్దుచేసి స్పెషల్ ఆఫీసర్‌ని వేస్తారు చూడండి, అచ్చం అట్లాగే. 2017 జనవరిలో గుర్తింపు నిలబడింది అనుకోండి, కానీ ఆ భయంతో ఆ నాలుగేళ్ళలో వేరే కాలేజీలకి వెళ్ళిపోయిన పిల్లలు వేలల్లో ఉన్నారు.

సరే, డబ్బు సంగతికి వద్దాం, అసలు మెలిక ఇక్కడే ఉంది.

1978కి ముందు ప్రతి డిస్ట్రిక్ట్ తన ప్రాపర్టీ టాక్స్ రేటు తానే పెట్టుకునేది, ఖర్చు పెరిగితే రేటు పెంచేది. ఆ ఏడాది జూన్‌లో ప్రాపోజిషన్ 13 (ప్రాపోజిషన్ అంటే రాష్ట్రం మొత్తం జనం ఓటేసి తేల్చే ప్రతిపాదన) వచ్చి మొత్తం టాక్స్‌ని అసెస్డ్ వాల్యూలో, అంటే టాక్స్ కోసం ఇంటికి కట్టే విలువలో, 1 శాతం దగ్గర కట్టేసింది, ఆ వాల్యూ కూడా ఇల్లు చేతులు మారకపోతే ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. ఆ 1 శాతంలో కౌంటీకి ఎంత, సిటీకి ఎంత, స్కూళ్ళకి ఎంత, కాలేజీకి ఎంత అన్న వాటాలు రాష్ట్ర చట్టంలోనే ఉన్నాయి. అంటే ఆ రోజుతో టాక్స్ తాళంచెవి ఊరి చేతిలోంచి సాక్రమెంటోకి పోయింది, ట్రస్టీల ఎలక్షన్ మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. ఈ వ్యవస్థలో కనపడే సగం వింతలు దీనివల్ల వచ్చినవే అని నా అభిప్రాయం.

పదేళ్ళకి, 1988లో, ప్రాపోజిషన్ 98 వచ్చింది. రాష్ట్ర జనరల్ ఫండ్‌లో, అంటే రాష్ట్రం ప్రధాన ఖజానాలో, సుమారు 40 శాతం స్కూళ్ళకీ కమ్యూనిటీ కాలేజీలకీ కలిపి గ్యారంటీ అన్నమాట, అందులో దాదాపు 89 శాతం స్కూళ్ళది, 11 శాతం కాలేజీలది. యూనివర్సిటీలకి ఇట్లాంటి గ్యారంటీ లేదు. హైస్కూల్ కడుపున పుట్టడం వల్ల కలిగిన లాభం ఇదొక్కటీ గట్టిది.

ఇప్పుడు ఒక కుంచం ఊహించుకోండి. మీ డిస్ట్రిక్ట్‌కి ఈ ఏడాది ఎంత రావాలో స్టేట్ ఫార్ములా ఒక గీత గీస్తుంది. కుంచంలో ముందు పోసేది లోకల్ ప్రాపర్టీ టాక్స్ వాటా, తర్వాత పిల్లలు కట్టిన ఫీజులో 98 శాతం, తర్వాత 2012లో ప్రాపోజిషన్ 30తో వచ్చిన టాక్స్‌లోంచి కాలేజీల వాటా, అప్పటికీ గీత దాకా రాకపోతే మిగతాది స్టేట్ జనరల్ ఫండ్ పోస్తుంది. అర్థమైందా అండీ, మీ ఫ్రీమాంట్‌లో ఇళ్ళ రేట్లు పెరిగి టాక్స్ ఎక్కువొస్తే ఓలోన్ ధనవంతురాలు అవ్వదు, స్టేట్ పోసేది అంత మేర తగ్గుతుంది, గీత మాత్రం అక్కడే ఉంటుంది. ఫీజు కూడా అంతే, ఫీజు రేటు పెట్టేది లెజిస్లేచర్, అందులో డిస్ట్రిక్ట్ చేతిలో నికరంగా మిగిలేది 2 శాతం. "ఫీజులు దండుకుంటున్నారు" అని కాలేజీ వాళ్ళని తిట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, దండుకునేంత సీన్ లేదక్కడ. తిప్పలు ఎక్కడంటే, ప్రాపర్టీ టాక్స్ అంచనా తప్పి తక్కువొస్తే స్కూళ్ళకి ఆ లోటు స్టేట్ తనంతట తానే పూడుస్తుంది, కాలేజీలకి ఆ భరోసా లేదు, అందరికీ ఇంత శాతం కోత అని ఒక మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ వచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ లంచ్‌కి లేవరు.

కుంచం పొంగిపొర్లే డిస్ట్రిక్టులు కూడా కొన్ని ఉన్నాయి, శాన్ మటేయో, మరీన్, మీరాకోస్టా, సౌత్ ఆరెంజ్ కౌంటీ, ఇట్లాంటివి. అక్కడ లోకల్ టాక్సే గీత దాటిపోతుంది, పొంగింది వాళ్ళే ఉంచుకోవచ్చు, వీటిని మా వాళ్ళు బేసిక్ ఎయిడ్ అంటారు. శాన్ మటేయో వాళ్ళయితే ఆ డబ్బుతో పిల్లల ఫీజు తామే మాఫీ చేసుకోవడానికి 2022లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో దారి వేరు, 2016లో ఖరీదైన ఆస్తుల అమ్మకాల మీద సిటీ ట్రాన్స్‌ఫర్ టాక్స్ పెంచి, 2017 నుంచి సిటీవాళ్ళకి సిటీ కాలేజీ ఫ్రీ చేశారు. "పక్క ఊళ్ళో ఫ్రీ అంట, మాకెందుకు లేదు" అని మీ చుట్టాలెవరన్నా అడిగితే కారణం ఇది, అక్కడివాళ్ళు మంచోళ్ళూ ఇక్కడివాళ్ళు చెడ్డోళ్ళూ అని కాదు.

గీత ఎక్కడ గీస్తారు అన్నది కూడా తెలిస్తే మీకు క్యాంపస్ వేరేగా కనపడుతుంది. మా లెక్కలో పిల్లలు తలకాయలు కాదు, గంటలు. ఏడాదికి 525 గంటల క్లాసు అంటే ఒక ఫుల్ టైమ్ స్టూడెంట్, దాన్ని మేం ఎఫ్‌టీఈఎస్ అంటాం. వారానికి 3 గంటల సెమిస్టర్ క్లాసు పదిహేడున్నర వారాలు అయితే 52.5 గంటలు, అందులో 40 మంది ఉంటే 2,100 గంటలు, 525తో భాగిస్తే సరిగ్గా 4. ఒక్కోదానికి బేస్ కింద ఈ మధ్య 5 వేల డాలర్ల పైచిలుకు లెక్కేస్తున్నారు, అంటే ఆ క్లాసు 20 వేల పైన తెస్తుంది, అదే 40 మంది కట్టే ఫీజు, అందరూ కట్టారనుకున్నా, 5,520 డాలర్లు. ఆ తలలు లెక్కపెట్టేది టర్మ్‌లో ఐదో వంతు గడిచాక వచ్చే సెన్సస్ రోజున. దానికి ముందు డీన్లు ఎందుకంత కంగారుగా ఉంటారో, 11 మంది ఉన్న క్లాసుని మొదటి వారంలోనే ఎందుకు ఎత్తేస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. హైస్కూల్ పిల్లలు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో వచ్చినా ఆ గంటలు కౌంట్ అవుతాయి కాబట్టే కాలేజీలు వాళ్ళని అంతగా పిలుస్తున్నాయి, మనవాళ్ళ పిల్లలు సమ్మర్లో క్లాసులు తెగ తీసుకుంటారు కదా, మీరు వాళ్ళకి ఉపకారమే చేస్తున్నారు.

2018-19 నుంచి ఫార్ములా కొంచెం మార్చారు, 70 శాతం ఈ గంటల మీద, 20 శాతం పెల్ గ్రాంట్, ప్రామిస్ గ్రాంట్ లాంటివి తీసుకునే పేద పిల్లలు ఎంతమంది అన్నదాని మీద, 10 శాతం ఎంతమంది డిగ్రీ చేతికి తెచ్చుకున్నారు, యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యారు అన్నదాని మీద. ఇందులో పేద పిల్లల వాటా నాకు నచ్చింది. సక్సెస్ వాటా మీద నాకు గురి లేదు, ఉద్యోగం చేసుకుంటూ రెండు క్లాసులు తీసుకుని స్కిల్ నేర్చుకుని వెళ్ళిపోయేవాడు ఏ గళ్ళోనూ పడడు, నేనూ ఒకప్పుడు అట్లా పడనిదాన్నే.

ఇక కౌన్సిలర్ల సంగతి, మీ బాధకి అసలు మూలం. 1961 నాటి రూల్ ఒకటుంది, ఫిఫ్టీ పర్సెంట్ లా అంటాం, రోజువారీ చదువు ఖర్చులో సగం తగ్గకుండా క్లాసులో పాఠం చెప్పేవాళ్ళ జీతాలకే పోవాలి. మంచి ఉద్దేశమే, ఆఫీసర్లు పెరిగిపోకుండా పెట్టారు. కానీ కౌన్సిలర్, లైబ్రేరియన్ ఆ లెక్కలో పాఠం చెప్పేవాళ్ళ వైపు రారు, అవతలి సగంలో పడతారు, డీన్లతోనూ కరెంటు బిల్లుతోనూ కలిపి. డిస్ట్రిక్ట్ 50.3 శాతం దగ్గర నిలబడి ఉంటే ఇద్దరు కౌన్సిలర్లని తీసుకోవడానికి కూడా మా బాస్ కాలిక్యులేటర్ తీస్తారు. ఈ రూల్ మార్చాలని ఎప్పటినుంచో గొడవ నడుస్తోంది, టీచర్ల యూనియన్లు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకి ఉన్నాయి, ఇప్పుడు అవి పెట్టుకుంటే తెల్లారుతుంది.

మరి అద్దాల బిల్డింగ్? అది కుంచంలోది కాదండీ, అది వేరే జేబు. తెనాలిలో మా నాన్న ఇంటిపన్ను రసీదులో లైబ్రరీ సెస్ అని ఒక లైన్ ఉండేది, రూపాయికి 8 పైసలు, పన్నుతో పాటే కట్టినా అది గ్రంథాలయ సంస్థకే చేరాలి, చేరేదా అన్నది వేరే కథ. మీ బిల్లులో బాండ్ లైన్ కూడా అట్లాంటిదే, 1 శాతానికి అవతల ఉంటుంది. ఓలోన్‌కి 2010లో ఓటర్లు మెజర్ జీ అని (మెజర్ అంటే ఊరి బ్యాలెట్ మీద పెట్టే ప్రతిపాదన) 349 మిలియన్ డాలర్ల బాండ్ పాస్ చేశారు, ఆ అప్పు తీర్చడానికి మీ ఇంటి మీద పడుతున్నదే అది, మీరు ఆ తర్వాత కొన్నా సరే ఇంటితో పాటు వచ్చేసింది. మీ అమ్మాయి అక్కడ చదవకపోయినా కట్టాల్సిందే. 2000లో ప్రాపోజిషన్ 39 వచ్చాక ఇట్లాంటి బాండ్‌కి మూడింట రెండు వంతుల ఓట్లు అక్కర్లేదు, 55 శాతం చాలు, దానికి బదులుగా షరతులు పెట్టారు. ఒక ఎలక్షన్‌లో పాస్ చేసే బాండ్‌కి ప్రతి లక్ష డాలర్ల అసెస్డ్ వాల్యూకీ ఏడాదికి 25 డాలర్లు దాటదన్న అంచనా ఉండాలి, అంటే మిలియన్ డాలర్ల ఇంటికి 250. ఆ డబ్బు బిల్డింగులకీ సామానుకీ తప్ప టీచర్ల, ఆఫీసర్ల జీతాలకీ రోజువారీ ఖర్చులకీ వాడకూడదు. కౌన్సిలర్ జీతానికి అసలే కాదు.

దీనికి చక్కటి ఉదాహరణ కూపర్టినో వైపు ఉంది. 2020 మార్చిలో ఫుట్‌హిల్-డి ఆంజా డిస్ట్రిక్ట్ రెండు మెజర్లు పక్కపక్కనే పెట్టింది. మెజర్ జీ బిల్డింగుల బాండ్, 898 మిలియన్లు, 55 శాతం చాలు కాబట్టి పాస్ అయింది. మెజర్ హెచ్ పార్సెల్ టాక్స్, అంటే విలువతో పని లేకుండా ఒక్కో ఆస్తికి ఏడాదికి 48 డాలర్లు, మనుషుల జీతాలకి వాడుకోగలిగేది అదే, దానికి మూడింట రెండు వంతులు కావాలి, పడిపోయింది. అవే ఓటర్లు, అదే రోజు. క్రేన్లు వస్తాయి, కౌన్సిలర్లు రారు, ఎందుకో నన్నడిగితే ఆ ఒక్క బ్యాలెట్ కాగితం చూపిస్తా.

బాండ్ మీద నిఘాకి కనీసం 7 మందితో సిటిజన్స్ ఓవర్‌సైట్ కమిటీ ఉండాలి, సీనియర్ సిటిజన్ ఒకరు, టాక్స్‌పేయర్ల సంఘం నుంచి ఒకరు, వ్యాపారస్తులు ఒకరు, స్టూడెంట్ ఒకరు, ఇట్లా. డిస్ట్రిక్ట్ ఉద్యోగులూ కాంట్రాక్టర్లూ ఉండకూడదు. నేను పనిచేసేది వేరే డిస్ట్రిక్ట్ కాబట్టి, ఉండే ఊరి కమిటీలో రెండేళ్ళు కూర్చున్నా. ఎక్కడో చెప్పను. ఒక మీటింగ్‌కి నలుగురమే వచ్చాం, జనం వైపు కుర్చీలో ఒక్కరూ లేరు, జిమ్ ఖర్చు మొదటి అంచనా కంటే ఎంత పెరిగిందని నేనడిగితే ప్రాజెక్ట్ మేనేజర్ పేజీలు తిప్పుతూనే ఉన్నాడు, చివరికి వచ్చే మీటింగ్‌కి చెప్తా అన్నాడు, వచ్చే మీటింగ్ మూడు నెలల తర్వాత. చెప్పాడులెండి, కానీ అప్పటికి పైకప్పు కూడా వేసేశారు.

ఫీజు విషయం కూడా తేల్చేస్తా. 1984 దాకా కాలిఫోర్నియా వాళ్ళకి ఇక్కడ ఫీజే లేదు, ఆ ఏడాది యూనిట్‌కి 5 డాలర్లు పెట్టారు, 2012 సమ్మర్ నుంచి 46 దగ్గర ఆగింది. క్వార్టర్ సిస్టమ్ కాలేజీలైతే, డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటివి, యూనిట్ చిన్నది కాబట్టి 31. మీది ఏ డిస్ట్రిక్ట్ అన్నదాంతో సంబంధం లేదు, రాష్ట్రంలో ఎక్కడ చదివినా అదే రేటు, కాబట్టి "పక్క కౌంటీ వాళ్ళమని ఎక్కువ వేశారేమో" అన్న అనుమానం తీసెయ్యండి. మొదటిసారి ఫుల్ టైమ్‌గా చేరే పిల్లలకి ప్రామిస్ అనే స్కీమ్ కింద రెండేళ్ళు ఫీజు లేకుండా ఇవ్వడానికి కాలేజీలకి వెసులుబాటు ఉంది, అప్లై చేశారో లేదో చూసుకోండి.

కానీ మీరు హెచ్-1 అన్నారు కాబట్టి ఒకటి గట్టిగా చెప్తున్నా. నాన్ రెసిడెంట్ ట్యూషన్ మాత్రం ప్రతి డిస్ట్రిక్ట్ బోర్డ్ ఏటా తనే పెట్టుకుంటుంది, ఆ గంటలకి స్టేట్ డబ్బు ఇవ్వదు కాబట్టి, అది 46కి ఎన్నో రెట్లు. హెచ్-4 మీద ఉన్న పిల్ల ఏడాదీ ఒక రోజు ఇక్కడ నివాసం చూపిస్తే రెసిడెంట్ అవ్వొచ్చు. 21 నిండి ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారితే ఆ దారి ఉండదు. అమ్మాయి పుట్టినరోజు, గ్రీన్ కార్డ్ క్యూలో మీ ప్రయారిటీ డేట్ పక్కపక్కన రాసుకుని ఇప్పుడే చూసుకోండి, చివరి టర్మ్‌లో బిల్లు చూసి ఏడ్చిన తల్లిదండ్రులు నా ఎదురుగా కూర్చున్నారు.

ఇక ఎవర్ని అడగాలి. ఫీజు రేటు, గంటల ఫార్ములా, ఫిఫ్టీ పర్సెంట్ రూల్ అయితే మీ అసెంబ్లీ మెంబర్ ఆఫీసుకి రాయండి, కాలేజీ వాళ్ళని అడిగి లాభం లేదు. ఏ క్లాసులు, ఏ డిగ్రీలు అన్నదాంట్లో 1988 చట్టం నుంచి అధ్యాపకుల సెనేట్‌కి పెద్ద పీట ఉంది, అందుకే ప్రెసిడెంట్ కూడా ఒక్క సంతకంతో మార్చలేరు, ఒక కమిటీ ఇంకో కమిటీకి పంపిస్తూనే ఉంటుంది, అది మా అందరికీ తలనొప్పే. ఉన్న డబ్బులో కౌన్సిలింగ్‌కి ఎంత, ప్రెసిడెంట్ ఎవరు, తర్వాతి బాండ్ పెట్టాలా వద్దా అన్నవి ట్రస్టీల చేతిలోవి. వీళ్ళ ఎలక్షన్ నవంబర్ బ్యాలెట్‌లో అట్టడుగున ఉంటుంది, చాలాసార్లు ఒక్కరే నామినేషన్ వేస్తారు, అప్పుడు పేరు బ్యాలెట్ మీదకే రాదు, మన పంచాయతీల్లో ఏకగ్రీవం లాగా సీటు వచ్చేస్తుంది. మీకు ఓటు లేదు, నిజమే. కానీ మీటింగ్‌లో మాట్లాడ్డానికి ఓటు అక్కర్లేదు, బ్రౌన్ యాక్ట్, అంటే మీటింగులు జనం ముందే జరగాలన్న రాష్ట్ర చట్టం, ప్రకారం ఎజెండా 72 గంటల ముందు పెట్టాలి, లోపలికి రావడానికి పేరు రాయమని కూడా బలవంతం చెయ్యకూడదు. మీ అమ్మాయి చదివే డిస్ట్రిక్ట్ బోర్డ్‌కి వెళ్ళండి, ఓలోన్‌కి కాదు.

వెళ్తే మామూలు మీటింగ్‌కి కాకుండా బడ్జెట్ హియరింగ్‌కి వెళ్ళండి. జూన్‌లో తాత్కాలిక బడ్జెట్ పాస్ చేస్తారు, అసలుది సెప్టెంబర్ 15 లోపు పబ్లిక్ హియరింగ్ పెట్టి పాస్ చెయ్యాలి. పోయినేడు కౌన్సిలింగ్‌కి ఎంత పెట్టారు, ఈ ఏడు ఎంత, ఫిఫ్టీ పర్సెంట్ లెక్క ఎక్కడుంది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "మేం టాక్స్ కడుతున్నాం" అని మొదలెట్టకండి, మాట్లాడ్డానికి మామూలుగా మూడు నిమిషాలే ఇస్తారు.